కారు నెత్తిన సైకిలు

బ్రాకెల్,
మార్చి 1987

ప్రియమైన చెల్లి ఇర్మాకు,

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక అసలు సంగతి.

మీ బావ కారు నెత్తిన కడ్డీలు బిగించాడు. రెండు అడ్డకడ్డీలు, వాటి మీద సైకిలు నిలబెట్టే క్యారియర్ ఒకటి. ఇందులో వింతేముంది అంటావు. కాస్త ఆలోచించు. మా గుమ్మం దిగి ఎటు తిరిగినా కొండే. ఎక్కడెక్కడి జనమో కార్ల మీద సైకిళ్ళు వేసుకుని మా ఊరొచ్చి, బేరెండ్రీస్ కొండ ఎక్కి, నాలుకలు బయటపెట్టి, కాఫీ తాగి పోతారు. ఆ కొండ కిందే పుట్టి, పెళ్ళికి ముందు నుంచీ గుమ్మంలోనే సైకిలెక్కి పోతున్న మనిషి ఇప్పుడు దాన్ని కారెక్కించి ఎక్కడికి మోసుకుపోతాడు? అదే అడిగాను.

"ఆర్డెన్స్‌కి" అన్నాడు. "శనివారాలు సైకిలు క్లబ్బోళ్ళంతా అక్కడికే పోదాం అనుకుంటున్నారు. ఆ కొండల ముందు మనవి చీమల పుట్టలు."

నిన్నటిదాకా బేరెండ్రీస్‌ని పెళ్ళికూతురిలా పొగిడిన నోరే ఇది. ఊరి కొండ ఇంత తొందరగా పుట్ట అయిపోయిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

కడ్డీలు ఎంచుకోవడానికే నెల పట్టింది. క్లబ్బులో ఈయన జతగాడు జెంటీల్ తన పాతవి ఊరికే ఇస్తానన్నాడు. అవి టాపు అంచున వాననీటి కాలవ ఉన్న పాత కార్లకు పట్టేవి, మా కారుకు ఆ కాలవ లేదు. తలుపు సందులో పాదం పెట్టి బిగించేవి, సరిగ్గా మా కారుకే చేసినవి కొనాల్సి వచ్చింది. నెత్తి మీదెందుకు, వెనక ట్రైలర్ కొక్కేనికి తగిలించే క్యారియర్ కొనుక్కో, నడుం ఎత్తులో ఉంటుంది, సైకిలు తల మీదికి ఎత్తే పని ఉండదు అన్నాను. ఎంత చిన్నబుచ్చుకున్నాడో చూడాల్సింది.

"అది బీచికి పోయే సంసారుల కోసం, గోదెలీవ్. రేసు సైకిలు నెత్తి మీదే పోవాలి. పోటీల్లో టీము కార్లు నువ్వు చూళ్ళేదా?"

"నువ్వేమన్నా టీములో చేరావా?"

"నీకేం తెలుసే" అన్నాడు. సైకిలు షాపులో పుట్టినదాన్ని పట్టుకుని నీకేం తెలుసంటాడు.

పెరట్లో పెట్టి బిగించాడు. రబ్బరు పాదాల కింద గుడ్డతో తుడిచాడు, రెండు కడ్డీల మధ్య దూరం కొలిచాడు, ఎడమపక్క కుడిపక్క సమానంగా ఉన్నాయా అని నిచ్చెనెక్కి చూశాడు. తర్వాత నేను పట్టుకుని ఊపితే వెనకది కదిలింది. మళ్ళీ బిగించాడు. ముందు చక్రం ఊడదీసి, దాన్ని పట్టి ఉంచే ఫోర్కును క్యారియర్ కొసన ఇరికించి మీట వేశాడు. ఊడదీసిన చక్రం కారులో వెనకసీటు మీద కూచుంది, చుట్టం పిల్లలా. బిగిస్తున్నంతసేపూ కూనిరాగం తీశాడు. మీ బావ పాడటం నువ్వెప్పుడైనా విన్నావా? పనిచేసే మిల్లు మూతపడ్డాక ఖాళీగా ఉన్న మగవాళ్ళకు ఏ బుద్ధులు పుడతాయో చెప్పలేం. నీకేమనిపిస్తుందో రాయి.

నీ అక్క,
గోదెలీవ్


వ్యూర్న్,
ఏప్రిల్ 1987

అక్కా,

నీ ఉత్తరం చదివి రొట్టెల దుకాణంలో పగలబడి నవ్వాను. ఏమైందని మా యజమానురాలు అడిగితే, మా బావ కడ్డీలు కొన్నాడు, మా అక్క పోలీసులను పిలవబోతోంది అన్నాను.

అనుమానం లేకపోతే నీకు కాఫీ కూడా రుచించదు. చిన్నప్పుడు నేను కొత్త రిబ్బను పెట్టుకుంటే ఎవరిచ్చారని వారం రోజులు వెంటపడ్డావు. నాన్నే ఇచ్చాడు. మిల్లు పోయిన మనిషికి ఒక ఆటబొమ్మ దొరికింది, ఆడుకోనీ. ముభావంగా ఉండే మనిషి పాట పాడితే సంతోషించాలి గానీ చెవి నిక్కించి వినకూడదు.

ఒకటి మాత్రం చెప్పు. కడ్డీలు బిగించాక కొంత దూరం నడిపి, ఆగి మళ్ళీ ఒక చుట్టు బిగించమను. నాన్న ప్రతి కొనుగోలుదారుకూ ఈ మాట చెప్పేవాడు, ఎవరూ వినేవారు కాదు.

మీరిద్దరూ ఒకసారి ఇటు రండి. మా కాలవ గట్టు చూసి బావ నవ్వుకుంటాడేమో, బల్లలా చదునుగా ఉంటుంది. కానీ ఇక్కడ గాలే కొండ. ఎదురుగాలి పట్టుకుందంటే మీ బేరెండ్రీస్ ఎందుకూ పనికిరాదు.

నీ,
ఇర్మా


బ్రాకెల్,
మే 1987

చెల్లీ,

నవ్వావుగా. ఇది కూడా చదివి నవ్వు.

మీ బావ శనివారం శనివారం పోతున్నాడు. తెల్లారి రొట్టె, వెన్న, జున్ను కట్టించుకుని పోయి, సాయంత్రం కాఫీ వేళకు వస్తాడు. ఎలా జరిగిందంటే పైన్ చెట్ల గురించి చెబుతాడు. ప్రతి వారం అవే చెట్లు.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను సైకిలు చూస్తున్నాను. తప్పు అనకు. నా ఇంట్లో వస్తువు నేను చూసుకుంటున్నాను. హేండిలు నిండా చచ్చిన పురుగులు అతుక్కుని ఉంటాయి. అంటే కారు పెద్ద రోడ్డు మీద బాగానే పరుగెత్తింది. కానీ పెడళ్ళ కింద బురద ఉండదు. ఇది విను: వెనక చక్రానికి పళ్ళచక్రాలు ఉంటాయి గదా. కొండెక్కాలంటే గొలుసు పెద్ద చక్రం మీద పడాలి. ఆయన సైకిలుకు పెద్ద రెండిటి మీదా దుమ్ము పేరుకుని ఉంది, నేను చలికాలంలో రాసిన గ్రీజు అలాగే ఉంది. చిన్నవి మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. ఆర్డెన్స్‌ని చిన్న చక్రాల మీద ఎక్కేవాడు ఇంకా పుట్టలేదు.

మొన్న మాంసం దుకాణంలో జెంటీల్ పెళ్ళాం కనబడింది. "మీ ఆయన కూడా ఆర్డెన్స్‌కి పోతున్నాడా?" అని మామూలుగా అడిగాను.

"ఆర్డెన్సా? మా ఆయన శనివారం పావురాలు వదిలి కదలడు. అయినా మీ ఒడీల్ క్లబ్బుకి రావట్లేదని అందరూ అడుగుతున్నారు. ఏం, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నాడు" అన్నాను. సాసేజీ కట్టించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక చూస్తే డబ్బులిచ్చి చిల్లర తీసుకోలేదు.

కాబట్టి ఆర్డెన్స్ అబద్ధం. క్లబ్బు అబద్ధం. ఎక్కడికో చదును ఊరికి పోతున్నాడు, కాసేపు తొక్కుతున్నాడు, మిగతా రోజంతా ఏదో చేస్తున్నాడు. ఏదో ఏమిటి, మనం చిన్నపిల్లలమా? ఆడది ఉంది. యాభై ఎనిమిదేళ్ళకి సైకిలు అడ్డం పెట్టుకుని ఆడదాని ఇంటికి పోతున్నాడు. ఎదురుగా అడుగుదామని నోరు తెరుస్తాను. అవును అంటాడేమోనని మూసుకుంటాను. నేను ఒక మనిషికి భయపడటం ఇదే మొదలు.

గోదెలీవ్


వ్యూర్న్,
మే 1987

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. దుకాణంలో పండగ రద్దీ.

నువ్వు అనుకుంటున్నది మాత్రం కాదు. బావ అలాంటివాడు కాదు. క్లబ్బులో ఎవరితోనో మాటామాటా వచ్చి ఉంటుంది, ఒంటరిగా తొక్కుకోవాలనిపించి ఉంటుంది. పళ్ళచక్రాలు చూడటం, పురుగులు లెక్కపెట్టడం ఇవన్నీ మానెయ్యి. సైకిలు ఎత్తి కారు మీద పెట్టేసరికి చేతులు వణికే మనిషి ఇంకో సంసారం ఏం పెడతాడు చెప్పు.

ఆయన్ని అడగొద్దు. అడిగితే ఇంకా దాస్తాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టు, తనే చెబుతాడు.

పోయిన ఉత్తరంలో ఇటు రమ్మన్నాను గదా. ఇప్పుడొద్దు. ఇల్లంతా రంగులు వేయిస్తున్నాను, పడుకోవడానికి చోటు లేదు. ఎండాకాలం పోయాక రా.

వాతావరణం బాగుంది. గాలి తగ్గింది.

ఇర్మా


బ్రాకెల్,
జూన్ 1987

ఇర్మాకు,

పోయిన శనివారం మీ బావ ముందు చక్రం లేకుండా ఇంటికొచ్చాడు. సైకిలు నెత్తిన ఉంది, చక్రం వెనకసీట్లో లేదు. కారు తలుపు మీద కొత్త సొట్ట ఉంది.

"చక్రమేదీ?"

"ఎవడో ఎత్తుకుపోయాడు. కాఫీ తాగుతుంటే."

"ఎక్కడ?"

"ఆర్డెన్స్‌లో."

"సొట్ట?"

"వాడే కొట్టుంటాడు."

చక్రాన్ని గోడకానించి ఎక్కడో మరిచిపోయాడని వెంటనే అర్థమైంది. ఫోర్కు బిగించే క్యారియర్ ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకసారి చేసే పొరపాటే అది. సైకిలు పైకెక్కించి, హమ్మయ్య అని కారెక్కి, చక్రాన్ని నేల మీదే వదిలేసి పోతాడు. కానీ ఎవరి గోడకు?

ఆ రోజే నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. సైకిలు ఎత్తేటప్పుడు చేతులు వణుకుతాయని రాశావు. నేనెప్పుడూ రాయలేదే. ఆయన చేతులు వణకడం నేనే చూడలేదు. నువ్వెక్కడ చూశావు?

సోమవారం బస్సెక్కి, రైలు మారి, మీ ఊరొచ్చాను. నీకు చెప్పలేదు. నీ ఇంటికి రంగులు వెయ్యడం లేదు. నీ కిటికీలో, పింగాణీ కుక్కలు రెండిటి మధ్య, లేసు తెర వెనక చక్రం నిలబడి ఉంది. ఇంకెవరిదో అని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు. చువ్వలు కలిసేచోట రాగితీగ చుట్టి టంకం పెట్టడం నాన్న పద్ధతి. ఆ చక్రం నేను కట్టాను. ఆ తీగ నా చేతులతో చుట్టాను. వీధికి అవతలి పక్కన నిలబడి చూశాను. లోపల నువ్వు తిరుగుతున్నావు, కప్పు ఏదో తుడుస్తున్నావు. నేను తలుపు తట్టలేదు. తర్వాతి రైలుకు వచ్చేశాను.

బయటి ఆడది అయితే తట్టేదాన్ని.

నాకు చెల్లెలు ఒక్కతే ఉంది. ఉందో లేదో నువ్వు రాయి.

గోదెలీవ్


వ్యూర్న్,
జూన్ 1987

అక్కా, అక్కా,

నువ్వు వచ్చి నా గుమ్మం ముందు నిలబడి వెళ్ళిపోయావని చదివి నేను నేల మీద కూలబడ్డాను. తట్టి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకున్నా బాగుండేది.

బావకు నేను మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను. చదివేముందు కూచో.

ఏప్రిల్ చివర్లో ఒక శనివారం తలుపు తీసేసరికి బావ, కాలవ పక్కన కారు, దాని నెత్తిన సైకిలు. నీకు చెప్పొద్దన్నాడు. నేను కూడా నువ్వనుకున్నదే అనుకున్నాను. ఎవరినైనా చూడ్డానికి వచ్చి, నా ఇంటిని సాకుగా వాడుకుంటున్నాడేమో అని. మొహం మీదే అడిగేశాను.

నవ్వాడు. "నీ మొహం, ఎవరొస్తారే నాకోసం? నేను కాలవ గట్టు మీద తొక్కుకోడానికొచ్చాను."

"కొండలు పెట్టుకుని గట్టు మీదా?"

లోపలికొచ్చి కుర్చీలో కూచున్నాడు. తర్వాత చెప్పాడు. చలికాలం నుంచి బేరెండ్రీస్ ఎక్కలేకపోతున్నాడు అక్కా. సగంలో గుండెల మీద ఎవరో కూచున్నట్టుంటుందట, ఎడమ చెయ్యి బరువెక్కుతుందట. ఒక ఆదివారం సగంలో దిగి, బూటు లేసు ఊడిందని అబద్ధమాడి, కూచున్నాడట. జెంటీల్ పక్కనుంచి పోతూ, "ఏం ఒడీల్, పెళ్ళాం మరీ ఎక్కువ పెట్టిందా రాత్రి?" అన్నాడట. అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ళు అందరికంటే ముందు ఎక్కినవాడు. ఆ మర్నాడే కడ్డీలు చూడటానికి పోయాడు. తనని ఎవరూ ఎరగని చదును నేల మీద తొక్కుకుంటే, ఎక్కలేడని ఎవరికీ తెలియదని.

డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. బతిమాలాను, తిట్టాను.

"పోతే ఏమంటాడో నాకు తెలుసు. సైకిలు దిగమంటాడు."

"అక్కకైనా చెప్పు బావా."

"మీ అక్కకా? మీ నాన్నని ఆఖరి ఏడాది ఎలా చూసిందో నువ్వూ చూశావుగా. కుర్చీలో కూలేసి, దుప్పటి కప్పి, గంటకోసారొచ్చి ఊపిరాడుతుందా లేదా అని చూసేది. నన్నట్టా చూస్తే నేను బతకలేనే ఇర్మా. ఆమె నన్ను తిడుతుంటేనే బాగుంటుంది."

మాటివ్వమన్నాడు. ఇచ్చాను. ఎండాకాలం అయిపోగానే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని నా షరతు. సరే అన్నాడు, నా నోరు మూయించడానికే అన్నాడని నాకూ తెలుసు. ప్రతి శనివారం గట్టు మీద తొక్కి వచ్చి, నా వంటింట్లో కాఫీ తాగి, సైకిలు కారు నెత్తికెక్కించేవాడు. తొక్కేటప్పుడు బాగానే ఉండేవాడు. తల మీదికి ఎత్తేటప్పుడే చేతులు వణికేవి. ఆ కడ్డీలు చూస్తేనే నాకు భయం వేసేది.

పోయిన శనివారం చక్రం ఊడదీసి గోడకానించాడు. సైకిలు ఎత్తాడు. సగంలో చేతులు పడిపోయాయి. సైకిలు తలుపుకు తగిలి కింద పడింది. బావ కాలవ గట్టు మీద కూచుండిపోయాడు. మొహం బూడిద రంగు. చెమట కారిపోతోంది. నేను పరుగెత్తి నీళ్ళు తెచ్చాను. అంబులెన్సు పిలుస్తానంటే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాసేపటికి తేరుకున్నాడు. ఇద్దరం కలిసి సైకిలు ఎక్కించాం, ఆ కంగారులో చక్రం ఇద్దరమూ మరిచిపోయాం. మళ్ళీ వచ్చినప్పుడు దూరం నుంచే కనబడాలని కిటికీలో పెట్టాను.

నోరు మూసుకుంటే ఆయన ఏ రోడ్డు మీదో పోతాడు. నోరు తెరిస్తే మళ్ళీ నా మొహం చూడడు. నువ్వు ఎంత ఏడుస్తున్నావో తెలిసి కూడా ఇన్నాళ్ళు తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు తేల్చుకున్నాను. ఆయన్ని బతికించు. నన్ను తర్వాత తిడుదువుగాని.

నీ చెల్లెలు,
ఇర్మా


బ్రాకెల్,
జూలై 1987

ఇర్మా,

ఇంకో ఆడదైతే బాగుండేది.

ఆడదైతే దాని ఇంటికి పోయి నాలుగు మాటలని, ఈయన్ని చొక్కా పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఇదైతే ఎవరి మీదికని పోయి అరవను? నీ ఉత్తరం బాత్రూములో తలుపేసుకుని చదివాను. కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికి వచ్చి, నీళ్ళు ఎందుకలా వదిలావని ఆయన అడిగితే, నా ఇష్టం అన్నాను.

నీ మీద కోపం పోలేదు. పోతుంది, తొందరపెట్టకు.

ఆయన అన్న మాట నిజం. నాన్నను నేను అలాగే చూశాను. ఇంకోలా చూడటం నాకు తెలియదు. తెలిసిందని చెబితే, ఆ రోజు నుంచి ఈయన నా ముందు రోగి అయిపోతాడు, నేను ఆపలేను. అందుకని చెప్పను. మీ ఇద్దరికీ అబద్ధాలు చేతకావు, అందుకే సొట్టలూ చక్రాలూ దొరికిపోయాయి. ఇప్పుడు నేను ఆడతాను.

ముందు కడ్డీల సంగతి చూశాను. ఆయన ఇక సైకిలు తల మీదికి ఎత్తకూడదు.

"ఆ కడ్డీలు గాలికి ఈల వేస్తున్నాయి. నాకు తలనొప్పి" అన్నాను.

"నువ్వెప్పుడు విన్నావు? నువ్వు కారులోనే లేవుగా."

"ఇకనుంచి ఉంటాను. నేనూ వస్తాను తొక్కడానికి. నా మోకాళ్ళు పట్టేశాయి, కొండ మీద కుదరదు. ఎక్కడైనా చదును నేల చూడు."

మీ బావ నా వైపు చూసిన చూపు నువ్వు చూడాల్సింది. దొంగకు దొంగ ఎదురుపడినట్టు చూశాడు.

"నీకు మోకాళ్ళ నొప్పులెప్పటినుంచి?"

"నొప్పులు నీకు దరఖాస్తు పెట్టుకుని రావాలా? నా సైకిలు బరువు నీకు తెలుసుగా. నెత్తి మీద పెట్టడానికి నేను ఎత్తలేను, నిన్ను ఎత్తనివ్వను. వెనక కొక్కేనికి తగిలించేది కొందాం, రెండు సైకిళ్ళు పట్టేది."

"రేసు సైకిలు వెనక వేలాడేసుకుని ఊళ్ళోంచి పోవాలా?"

"నా మోకాళ్ళ కంటే నీకు ఊరు ఎక్కువా?"

గొణిగాడు. కానీ నిన్న కడ్డీలు విప్పాడు. టాపు మీద నాలుగు చోట్ల పాదాల గుర్తులు మిగిలాయి. తిరిగి అమ్మి, వెనక తగిలించే క్యారియర్ తెచ్చాం. దాని బిగింపు నేనే చూశాను, ఆయన చేత స్పానరు పట్టించలేదు. నంబరు ప్లేటు కనబడటం లేదని దానికి ఇంకోటి చేయించాం. జెంటీల్ గేటు దగ్గర నిలబడి, "ఏంటి ఒడీల్, బీచికా?" అన్నాడు. మీ బావ తల దించుకుంటాడేమో అని నేను చూశాను. "మా ఆవిడకి మోకాళ్ళు" అన్నాడు, ఎంత ధీమాగా అన్నాడో.

రెండోది డాక్టరు. నాకు గుండె దడగా ఉంటోందని, గెంట్‌లో పెద్ద డాక్టరుకు చూపించుకోవాలని, ఒంటరిగా పోవడానికి భయమని చెప్పాను. ముందే ఫోను చేసి ఆ డాక్టరుకు అంతా చెప్పి పెట్టాను. మా ఊరి డాక్టరమ్మ నాకు దడ ఉన్నట్టు ఒక చీటీ కూడా రాసిచ్చింది. వచ్చే వారం పోతున్నాం. ఆయన రాత్రి నిద్రపోతుంటే నేను పడుకోకుండా ఊపిరి వింటున్నాను. అది మాత్రం ఆపుకోలేకపోతున్నాను, కళ్ళు మూసుకునే వింటున్నాను.

చక్రం పంపొద్దు. దొంగతనం అయిపోయింది గదా, దొంగ దగ్గరే ఉండనీ. నేను కొత్తది కడుతున్నాను.

అక్క


గెంట్, ఆసుపత్రి,
సెప్టెంబరు 1987

మరదలు ఇర్మాకు,

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. మిల్లులో ఉన్నన్నాళ్ళూ సంతకం తప్ప ఏమీ రాయలేదు. తప్పులుంటే సర్దుకో. మీ అక్క నా కోసం పుల్లటి ద్రాక్షపళ్ళు తేవడానికి బజారుకు పోయింది, ఈ లోపల రాస్తున్నాను.

నేను బతికి ఉన్నాను. నా కాల్లోంచి రక్తనాళం తీసి గుండెకు అతుకు వేశారు. తుమ్మాలన్నా భయంగా ఉంది, దిండు గుండెకు హత్తుకుని తుమ్ముతున్నాను. డాక్టరు ప్రతి పొద్దునా వచ్చి బాగుందంటాడు. ఈ ఏడాది ఆ కొండ ఎక్కి ఉంటే దిగేవాణ్ణి కానని కూడా అన్నాడు.

నీకు ఎందుకు రాస్తున్నానంటే, మీ అక్క మీద నాకు అనుమానంగా ఉంది.

మొదట మోకాళ్ళు అంది. ఎప్పుడూ కుడి కాలు పట్టుకుని అబ్బా అనేది, ఒక్కోసారి ఎడమ కాలు. సరే, రెండూ నొప్పేమో అనుకున్నాను. తర్వాత గుండె దడ అంది. ఇద్దరం ఇక్కడికొచ్చాం. రోగి ఆమె. డాక్టరు ఆమె గుండె మీద గొట్టం పెట్టి నిమిషం విన్నాడు, "ఎలాగూ వచ్చారుగా, మిమ్మల్నీ చూస్తాను" అని నన్ను రోజంతా చూశాడు. కదలని సైకిలు మీద తొక్కించాడు, తీగలు తగిలించాడు. ఆమె బయట బెంచీ మీద కూచుంది. తన జబ్బేమిటో ఒక్కసారి కూడా అడగలేదు. ఏ రోగి అలా ఉంటాడు?

నన్ను చేర్చుకున్న రోజు చూడ్డానికొచ్చేవాళ్ళ లిఫ్టు పనిచెయ్యలేదు. నన్ను కుర్చీలో రోగుల లిఫ్టులో పైకి తీసుకుపోతుంటే అద్దం తలుపులోంచి మెట్లు కనబడ్డాయి. మీ అక్క రెండు చేతులా రెండు సంచులు పట్టుకుని పరుగెత్తుకుంటూ మెట్లెక్కుతోంది. మూడో అంతస్తు దాకా ఎక్కడా ఆగలేదు. నాకంటే ముందు చేరుకుని, నేను రాగానే గోడ పట్టుకుని, మోకాలు రుద్దుకుంటూ, "అబ్బా ఒడీల్, మెట్లెక్కలేక చచ్చాను" అంది.

అప్పుడు అంతా అర్థమైంది. కడ్డీలు, ఈల, వెనక క్యారియర్, చదును నేల, అన్నీ ఒక్కసారిగా. నువ్వు మాట తప్పావని కూడా అర్థమైంది. నువ్వు తప్పబట్టే నేను బతికి ఈ ఉత్తరం రాస్తున్నాను, కాబట్టి ఆ లెక్క చెల్లు.

ఆపరేషనుకు తీసుకుపోయేటప్పుడు ఆమె నా బండి పక్కన నడిచింది. చెయ్యి పట్టుకుని, "తొందరగా రా. నా మోకాళ్ళతో నేను ఒక్కదాన్నే ఇంటికి పోలేను" అంది. మొహంలో ఏమీ లేదు. గొంతు కూడా మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం మంచులా ఉంది. నాకు తెలిసిపోయిందే అని అందామనుకున్నాను. అంటే అక్కడే, ఆ నర్సుల ముందు, ఏడ్చేసేది. ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ ఏడుస్తుండగా చూడలేదు. అందుకని, "మెట్లెక్కకు, లిఫ్టు బాగయ్యేదాకా కూచో" అని మాత్రం అన్నాను.

నేను రోగినైతే ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను. మారలేదు ఇర్మా. నిన్న సూపు ఒలకబోసుకుంటే తిట్టింది. చుట్టూ ఉన్న మంచాల వాళ్ళు జాలిపడ్డారు, నాకు కడుపు నిండిపోయింది.

ఇప్పటి నుంచి ఆమెకు నా సంగతి తెలుసు, ఆమె సంగతి నాకు తెలుసు, నాకు తెలుసునని మాత్రం ఆమెకు తెలియదు. అలాగే ఉండనీ. నువ్వు చెప్పకు. ఈసారి మాట తప్పితే ఊరుకోను.

వసంతంలో చదును నేల మీద మెల్లగా తొక్కొచ్చన్నాడు డాక్టరు. ఇద్దరం మీ కాలవ గట్టుకే వస్తాం, సైకిళ్ళు వెనక వేలాడేసుకుని. ఆమె ఎలాగూ నా కంటే గట్టిగా తొక్కుతుంది. అయినా కొంత దూరం పోయి, నా మొహం చూసి, తనే దిగిపోయి మోకాలు పట్టుకుంటుంది. అప్పుడు నేను దిగి, అయ్యో అంటాను.

నువ్వు కూడా అయ్యో అను.

మీ బావ,
ఒడీల్